చేను నేర్పిన చదువు

వ్యవసాయము పురుషుల వృత్తి యనియు, స్త్రీలు దానికి తోడుపడువారు మాత్రమే యనియు లోకములో నొక భావము పాతుకొనియున్నది. చేనిగట్టున నొక్క దినము నిలిచి చూచినచో నిది యెంత నిరాధారమో తెలియగలదు. విత్తనము నేరి దాచువారెవరు? నాట్లు వేయువారెవరు? కలుపు తీయువారెవరు? ధాన్యమును తూర్పారబట్టి, చెఱిగి, గాదెకు చేర్చువారెవరు? ఇందధికభాగము స్త్రీల చేతిపనియే. అయినను 2015–16 సంవత్సరపు వ్యవసాయ గణన ననుసరించి మన దేశమున సాగుదారులుగా లెక్కకెక్కినవారిలో స్త్రీలు నూటికి సుమారు 14 మంది మాత్రమే. చేయు చేతులకును, వ్రాసిన పేర్లకును ఇంత యెడమున్నది.

మా యింట పుస్తకములకు లోటు లేదు. నాగలితో మాత్రము పరిచయము లేదు. మా వారు బడిపంతులు. మామగారి నాటినుండి వచ్చుచున్న రెండెకరముల యెఱ్ఱనేల మెట్టచేనును కౌలునకిచ్చి, ఏటేట వచ్చు కొలది గింజలతో తృప్తిపడుచుంటిమి. కౌలుదారు వార్ధక్యముచే సాగు మానుకొనగా, భూమి రెండేండ్లు బీడు పడినది. ఇండ్లస్థలములుగా విడగొట్టి యమ్మింతుమని బేరగాండ్రు రాసాగిరి. ఆ మాట చెవినిబడిన నాడు మా అత్తగారు అన్నము ముట్టలేదు. మేమే సాగు చేయుదమన్న యాలోచన యట్లు పుట్టినది. అది వ్యవసాయముమీది మక్కువచే గాదు. భూమి చేజారునను భయముచేతనే.

మృగశిర కార్తెలో వాన పడగానే జొన్నయు, కందియు కలిపి విత్త నిశ్చయించితిమి. ఈ రెండింటి పొత్తు మన పెద్దలెఱిగినదే. జొన్న వేగముగా నెదిగి నాలుగు నెలలకు కోతకు వచ్చును. కంది మొదట మెల్లగా సాగి, జొన్న కోసిన పిదప విజృంభించును. కందివేరు లోతునకు దిగి యడుగుపొరల తేమను త్రాగును. దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. వానలు ముందుగా నిలిచిపోయినను రెంటిలో నొకటి మిగులునను ఆశ యుండును.

ప్రక్కచేని పెద్దమ్మ మాకు గురువైనది. గొఱ్ఱు వెనుక నడచుచు జడ్డిగములో గింజలు విడుచుట చూచువారికి సులభముగా దోచును. గింజ ఒత్తుగా పడినచో మొక్క మొక్కను పీడించును. పలుచబడినచోట కలుపు రాజ్యమేలును. ఎద్దుల నడకయు, పిడికిలి సడలింపును ఒక్కటి కావలెను. “లెక్క నోటికి కాదమ్మా, చేతికి తెలియాల” అని యామె పలుమారు చెప్పినది. అక్షరము రాని యామెముందు మేము మరల బాలశిక్ష పట్టిన పిల్లల మైతిమి.

బాల్యమున మా నాయనగారియొద్ద కావ్యములు చదువునపుడు, సీత యను పదమునకు నాగటిచాలని యర్థము వల్లించితిమి. జనకుడు దున్నుచుండగా నా తల్లి దొరకెనని కథయు నేర్చితిమి. వానవెలసిన యుదయమున, చాలు వెంబడి పచ్చని మొలకలు వరుసదీరియుండగా చూచినపుడు, ఆ పేరిడిన పూర్వుల మనస్సు మాకు తెలిసినట్లయ్యెను.

మఱియొక సంగతి గృహిణులకు చెప్పదగినది. వండిన యన్నము సాయంకాలమునకు మిగులదు. తోమిన గిన్నె మరల మాసిపోవును. ఇంటిపని యెంత చేసినను దాని జాడ కానరాదు. చేనిపని యట్లు గాదు. నిన్న కలుపు తీసిన సాలు నేడు కన్నులయెదుట నిలిచియుండును. మొన్న వేసిన మొక్క నేడు బెత్తెడెదిగియుండును. నడుము నొచ్చినను, అరచేతులు బొబ్బలెక్కినను, మా శ్రమ యెక్కడికి పోయినదో చూపగల సుఖము మాకు తొలిసారిగా దక్కినది.

పుష్యమాసమున కందులు నూర్చితిమి. “మాస్టారుగారి కోడలు మట్టి పిసుకుటయా!” యని మొదట నొచ్చుకొనిన అత్తగారే, విత్తనమునకు మేలైన గింజల నేరి, బూడిదయు ఎండు వేపాకును కలిపి కుండలో దాచిరి. పుట్టింట నేర్చిన విద్యయట. ఇన్నేండ్లుగా నామెను అడిగినవారు లేరు. జొన్నలు ఇంటివాడుకకు వచ్చినవి. కందులమ్మగా కర్చులుపోను మిగిలినది స్వల్పమే. బేరగాండ్రకు మాత్రము లేదని చెప్పి పంపితిమి.

అయితే ఈ యానందమును గొప్పగా చాటుటకు మాకు జంకు కలుగుచున్నది. మా వెనుక నెలజీతమున్నది. వాన తప్పినను మా పొయ్యి వెలుగును. కూలికి వచ్చు సోదరీమణులకు ఆ యండ లేదు. పైగా మా యూర మగకూలి కంటె ఆడకూలి తక్కువ. మా చేనిలో సమానముగానే యిచ్చుచున్నాము. శ్రమను పొగడి కూలి తగ్గించుట న్యాయము గాదు.

పేదస్త్రీలు కలిసినచో నేమి చేయగలరో జహీరాబాదు ప్రాంతము చూపినది. 1983లో ఆరంభమైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలో, అధికముగా దళితస్త్రీలే బీడునేలలను సాగులోనికి తెచ్చి, చిరుధాన్యముల విత్తనములను కాపాడిరి. 2008లో మాచనూరున సొంత రేడియోను నెలకొల్పిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారికి ఈక్వేటరు బహుమతి నిచ్చినది.

2026వ సంవత్సరమును అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. సోదరీమణులారా, ప్రకటనలకంటె ముందు ఇంటిలోని పెట్టె తెఱచి చూడుడు. మీ భూమి సర్వే నంబరేది, హద్దులేవి, పట్టాదారు పాసుపుస్తకములో నెవరి పేరున్నది, తెలిసికొనుడు. భూమి లేనివారు పెరటిలో నొక ఆనపపాదు పెట్టినను చాలును. గింజ మొలచి, పాకి, పూచి, కాచువఱకు మీ చేతితోనే సాకి చూడుడు.