వాయుగోణుల లెక్క

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో పనిచేస్తూ ఘట్‌కేసర్‌లో ఉంటున్న పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. ఆయాసం వస్తోందని పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు) పరీక్షకు వెళ్తే, గొట్టంలోకి ఊదించకముందే టెక్నీషియన్ కంప్యూటర్‌లో వయసు, ఎత్తు, ఆడా మగా అన్నది నింపి, పక్కనే ఉన్న ‘జాతి’ గడిలో ‘ఇండియన్’ అని పెట్టారట. రిపోర్టు నార్మల్ అని వచ్చింది. ఆయాసం మాత్రం అలాగే ఉంది. ‘ఊపిరితిత్తులకు కూడా జాతి ఉంటుందా?’ అన్నది ఆయన సందేహం. ఈ ప్రశ్న వెనక నూట డెబ్బై ఏళ్ల పొరపాటు, దాన్ని బయటపెట్టిన అద్భుతమైన ఒక స్కానింగ్ పద్ధతి ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీలన్నీ దీనికే.

ముందుగా రెండు మాటలు. గుండెల నిండా పీల్చి పూర్తిగా ఊదితే వచ్చే గాలి మొత్తం ఒక కొలత. అందులో మొదటి సెకనులో బయటికొచ్చే భాగం ఇంకో కొలత. 2013లో వెలువడిన ‘ప్యూర్’ అధ్యయనం 17 దేశాల్లో, పొగతాగని ఆరోగ్యవంతులను ఇలా పరీక్షించింది. వయసు, ఎత్తు ఒకటే అయినా, ఉత్తర అమెరికా, యూరప్ వాళ్లతో పోలిస్తే దక్షిణాసియా వాళ్ల మొదటి సెకను గాలి 31.3 శాతం తక్కువగా తేలింది. కాబట్టి తేడా ఉంది, అందులో వాదన లేదు. అయితే ఇక్కడే ఒక ఆచూకీ దొరుకుతుంది. మొత్తం గాలిలో మొదటి సెకను గాలి వంతు ఎంత అని చూస్తే, ఆ నిష్పత్తి ప్రపంచమంతటా దాదాపు ఒకటే. అంటే మన శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆగిపోవడం లేదు. కుండ మూతి బాగానే ఉంది, కుండే చిన్నది. ఎందుకు చిన్నదైంది?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పినవాళ్లే మనకు ఆ గడిని మిగిల్చిపోయారు. లండన్ వైద్యుడు జాన్ హచిన్‌సన్ 1846లో స్పైరోమీటర్‌ను పరిచయం చేస్తూ 2,130 మంది ఊపిరిని కొలిచాడు. ఎత్తును బట్టి గాలి పెరుగుతుందన్న చక్కటి సూత్రం ఆయనదే. అయిదేళ్లు తిరక్కుండానే, అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన శామ్యూల్ కార్ట్‌రైట్ అదే పరికరాన్ని పట్టుకుని, నల్లవాళ్ల ఊపిరి ఇరవై శాతం తక్కువ, పొలంలో బలవంతపు పనే వాళ్లకు ఆరోగ్యం అని రాశాడు. అంతర్యుద్ధం ముగిశాక 1869లో బెంజమిన్ గూల్డ్ సైనికుల కొలతలతో పెద్ద గ్రంథం వేసి, ఆ తేడాకు అంకెల గౌరవం తెచ్చాడు. ఆ సైనికులు ఏం తిని పెరిగారు, ఎలాంటి గుడిసెల్లో నిద్రపోయారు అన్నది లెక్కలోకి రాలేదు. మన దగ్గర 1932లో కృష్ణన్, వరీద్‌లు దక్షిణ భారతానికి చెందిన 103 మంది మగ వైద్య విద్యార్థుల ఊపిరి కొలతలను ప్రచురించారు. తర్వాత ఎన్నో కొలతలు వచ్చాయి. చివరికి మిగిలింది ఒక అడ్డదారి: తెల్లవాళ్ల అంకెను 0.9తో గుణించి, అదే భారతీయుడికి నార్మల్ అనుకోవడం. అది ఏం చేస్తుందో చూడండి. ఒకరికి తెల్లవాళ్ల పట్టిక ప్రకారం 4 లీటర్లు రావాలి, ఆయన ఊదింది 3 లీటర్లు అనుకుందాం. అది 75 శాతం, తక్కువ కింద లెక్క. 0.9తో గుణిస్తే రావాల్సింది 3.6 లీటర్లే, ఆయనది 83 శాతం, నార్మల్. గాలి అంతే, మనిషి అతనే, మారింది ఒక గడి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఊపిరితిత్తి కొనల్లో ద్రాక్ష గుత్తుల్లా ఉండే వాయుగోణులు ఒక్కొక్కటి సుమారు పావు మిల్లీమీటరు వెడల్పు. 2004లో మాథియాస్ ఓక్స్ బృందం ఆరు ఊపిరితిత్తులను జాగ్రత్తగా లెక్కగట్టి, సగటున 48 కోట్లు అని తేల్చింది. కనిష్ఠం 27 కోట్ల పైచిలుకు, గరిష్ఠం 79 కోట్లు. పెద్ద ఊపిరితిత్తిలోనైనా చిన్నదానిలోనైనా గోణి పరిమాణం మాత్రం ఇంచుమించు ఒకటే. పెద్ద ఇంటికి పెద్ద గదులుండవు, ఎక్కువ గదులుంటాయి. ఇది తెలిశాక అసలు ప్రశ్న మారిపోతుంది: ఈ గదుల కట్టుబడి ఏ వయసుకు ముగుస్తుంది? 1962లో డన్నిల్ అనే పరిశోధకుడు ఎనిమిదేళ్లకు ముగుస్తుందన్నాడు. 1982లో థర్ల్‌బెక్ రెండేళ్లు దాటాక పెద్దగా ఏమీ జరగదన్నాడు. పాఠ్యపుస్తకాలు దాన్నే వల్లె వేశాయి. ఇద్దరి దగ్గరున్నవీ చనిపోయిన పిల్లల ఊపిరితిత్తులే. ప్రతి బిడ్డా ఒక్క వయసు దగ్గర ఆగిపోయిన చిత్రం. బతికున్న పిల్లాడి ఎదలో గదులు లెక్కపెట్టే దారి వాళ్లకు లేదు. సీటీ స్కాన్ గాలికి మైనస్ 1000, నీటికి సున్నా అని సాంద్రతను చూపుతుంది. ఊపిరితిత్తి ఘనపరిమాణం, శ్వాసనాళాల కొమ్మలు అందులో కనిపిస్తాయి. వాయుగోణి మాత్రం దాని కంటికి ఆనదు. పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఎక్స్‌రేల మోతాదు ఎవరిస్తారు?

దారి చూపింది హీలియం. హీలియం-3 అనే వాయువు కేంద్రకాలను లేజర్‌తో ఒకే దిక్కుకు తిప్పి, ఆ వాయువును పీల్చమంటారు. ఊపిరి బిగపట్టిన ఆ కొన్ని సెకన్లలో ఎంఆర్‌ఐ ఒక పని చేస్తుంది. ప్రతి అణువు ఎక్కడుందో అయస్కాంత క్షేత్రంతో ముద్ర వేసి, సెకనులో కొన్ని వెయ్యో వంతుల తర్వాత, అది ఎంత దూరం కదిలిందో చదువుతుంది. అణువు ఊరికే ఉండదు, తాగినవాడిలా అటూ ఇటూ తూలుతూ తిరుగుతుంది. బయటి గాలిలో అయితే దాని వ్యాపన గుణకం సెకనుకు సుమారు 0.88 చదరపు సెంటీమీటర్లు. ఆరోగ్యకరమైన ఊపిరితిత్తిలో అది 0.2కు పడిపోతుంది, ఎందుకంటే ప్రతి అడుగుకూ గోణి గోడ తగులుతుంది. గది చిన్నదైతే తూలడం తగ్గుతుంది, గోడలు కూలిపోయే ఎంఫిసీమా జబ్బులో తూలడం పెరుగుతుంది. అణువు పడే తాకిళ్లే గది కొలతలు చెబుతాయి, అదీ కత్తి, రేడియేషన్ లేకుండా! 2012లో బ్రిటన్‌లోని లెస్టర్ పరిశోధకులు ఏడు నుంచి ఇరవై ఒక్కేళ్ల వయసున్న 109 మందిని ఇలా పరీక్షించారు. ఆ వయసుల మధ్య ఊపిరితిత్తి కొన్ని రెట్లు పెరిగింది. గదుల సంఖ్య రెండేళ్లకే ఆగిపోయి ఉంటే ఒక్కో గదీ ఆ మేరకు ఉబ్బాలి. ఉబ్బలేదు. కొలత కొద్దిగానే మారింది. అంటే కౌమారం దాకా కొత్త వాయుగోణులు కడుతూనే ఉన్నారు. నాకు ఇంత ఆనందం కలిగించిన ఫలితాలు తక్కువ.

దీన్ని మన ప్రశ్నకు ఆనించండి. ఊపిరితిత్తి పరిమాణం గదుల సంఖ్యను బట్టి, ఆ సంఖ్య బాల్యమంతా సాగే కట్టుబడిని బట్టి ఉంటే, ఆ ఏళ్లన్నిటిలో తిన్న తిండి, పీల్చిన గాలి గోడల్లో కనిపించి తీరాలి. కనిపిస్తోంది కూడా. బెంగుళూరు ప్రాంతంలో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో నగర పిల్లల ఊపిరి, బ్రిటన్‌లో పెరిగిన భారతీయ పిల్లల ఊపిరికి సమానంగా ఉంది. పల్లె పిల్లలది తగ్గింది. జన్యువులు ఒకే ప్రాంతానివి, బాల్యాలు వేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఘట్‌కేసర్‌కు దక్షిణాన ఇబ్రహీంపట్నం వైపు గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చిన ఊళ్లను, ఇవ్వని ఊళ్లను పోల్చారు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక కొలిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. మిల్లీమీటర్లే కదా అనకండి. ఒక గిన్నె ఆహారం ఎముకలో కనిపించింది. వాయుగోణిలో కనిపించదని నమ్మడానికి నాకు కారణం దొరకలేదు.

‘మరి జన్యువుల మాటేమిటి?’ అని ఛాతీ డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2010లో అమెరికాలో ఆఫ్రికన్ వంశాంశం పెరిగేకొద్దీ ఊపిరి కొలత తగ్గుతోందని తేలింది. కానీ ఆ దేశంలో వంశాంశంతో పాటు పేదరికం, బస్తీ గాలి కూడా వారసత్వంగా వస్తాయి. మొండెం, కాళ్ల నిష్పత్తి కూడా కొంత తేడాకు కారణమే, మొత్తానికి కాదు. జన్యువులకు పాత్ర ఉందని ఒప్పుకున్నా ‘ఇండియన్’ గడి నిలబడదు. ఉప్పల్ రోడ్డు మీదున్న పరిశోధనాసంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్‌లు హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో 25 సమూహాలను పరీక్షించి, మన సమూహాల మధ్య జన్యుభేదం యూరప్ సమూహాల మధ్య ఉన్నదానికంటే ఎక్కువని చూపారు. తరతరాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఇన్ని వందల సమూహాలకు ఒకే 0.9 ఎలా సరిపోతుంది?

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. గడి తీసేస్తే ఆరోగ్యంగా ఉన్న లక్షల మంది భారతీయులు రాత్రికి రాత్రి రోగులవుతారు, సర్జరీకి పనికిరారంటారు, ఉద్యోగాలు పోతాయి. ఇది నిజమైన భయమే. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023లో జాతి ప్రసక్తి లేని సమీకరణాన్ని సిఫారసు చేసినప్పుడు ఇదే చర్చ నడిచింది. కానీ గడిని ఉంచితే ఏమవుతుందో కూడా చూశాం. 1999లో బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ కంపెనీ ఒకటి, నల్లజాతి కార్మికులు పరిహారం కావాలంటే తెల్లవాళ్లకంటే ఎక్కువ నష్టం రుజువు చేయాలని కోర్టులో వాదించింది. తక్కువగా పుట్టినవాడికి తక్కువే చాలన్న ఆ తర్కం ఏ పారిశ్రామికవాడకైనా రావచ్చు. ఈ రెండు ప్రమాదాలకూ మందు ఒకటే, మనిషిని అతనితోనే పోల్చడం. ఉద్యోగంలో చేరిన రోజు ఊదిన గాలి ఎంత, ఏడాదికేడాది ఎంత తగ్గింది అన్న లెక్కకు జాతి అక్కర్లేదు.

ఘట్‌కేసర్ మిత్రుడికి నా మనవి ఇదే. ‘నార్మల్’ అన్న మాటను, శాతాన్ని పక్కనబెట్టి, రిపోర్టులో లీటర్లలో ఉన్న అంకెను తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఆయాసం ఉంది కాబట్టి ఛాతీ డాక్టరును వెంటనే కలవండి, ఏటా మళ్లీ ఊదండి. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే, వాళ్ల ఎదలో గదులు ఇంకా కడుతున్నారని మరిచిపోకండి.