యురేనస్ చుట్టూ తిరుగవలసిన నౌక

1986 జనవరి 24వ తేదీన వాయేజర్-2 అను అమెరికా వ్యోమనౌక, సూర్యునికిని భూమికిని గల దూరమునకు పందొమ్మిది రెట్ల దూరమున సంచరించు యురేనస్ గ్రహమును, మేఘమండలమునకు 81,500 కిలోమీటర్ల ఎడమున దాటిపోయెను. అంతకు పూర్వము గాని, అటుపిమ్మట నేటి వఱకు గాని, మానవ నిర్మితమైన మఱియొక యంత్రము ఆ గ్రహము దరికి పోలేదు. 84 ఏండ్ల కొకసారి సూర్య ప్రదక్షిణము గావించు ఆ మహాగ్రహముయొక్క అయస్కాంత క్షేత్రమును గూర్చియు, దాని ఉపగ్రహముల నేలను గూర్చియు మనకు తెలిసిన దాదాపు సమస్తమును ఆ కొన్ని గంటల సంపాదనమే. కావుననే, ఆ గ్రహమును పరిభ్రమించుచు దాని వాయుమండలములోనికి ఒక శోధకమును దింపగల నౌకను నిర్మింపవలెనని, 2022 ఏప్రిల్‌లో వెలువడిన అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుల దశాబ్ది ప్రణాళిక తక్కిన క్రొత్త మహాయాత్రల కన్నిటికంటె దీనికే ముందు పీట వేసినది. ఇంకను పుట్టని యంత్రమునకు చరిత్ర వ్రాయబూనుట తొందరపాటని తోచవచ్చును గాని, యంత్రముల జీవితమున రసవత్తరమైన ఘట్టము తఱచుగా గర్భవాసమే.

దీని పూర్వీకురాలైన వాయేజర్, నిజమునకు, యురేనస్ కొఱకు పుట్టినది కాదు. ప్రభుత్వము ద్రవ్యమిచ్చినది గురు శనులను చూచి వచ్చుటకు మాత్రమే. కాని నాలుగు మహాగ్రహములును ఒకే త్రోవన అందివచ్చు అమరిక సుమారు 175 ఏండ్ల కొకసారి గాని కుదరదని యెఱిగిన ఇంజనీర్లు, ఆ పిమ్మటి మజిలీలకు దారి మూసిపోకుండ జాగ్రత్తపడిరి. నౌక 1977 ఆగస్టు 20న బయలుదేరెను. అదే ఏడు మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రమున కడ్డము వచ్చినపుడు, తమిళనాడులోని కావలూరు వేధశాలయందు జె. సి. భట్టాచార్య, కుప్పుస్వామి అను శాస్త్రజ్ఞులు నక్షత్రకాంతి ముందుగానే క్షణకాలము మఱుగుపడుట గమనించి, అది క్రొత్త ఉపగ్రహమేమో యని తలంచిరి. అమెరికా వారి విమాన వేధశాలనుండి అదే దృశ్యమును పరికించిన జేమ్స్ ఎలియట్ బృందమువలన అవి వలయములని తేలినది. కావలూరు వేధశాలను నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగిన వాడగుట మన పాఠకులు స్మరింపదగిన విషయము. నౌకను రూపొందించిన వారికి తెలియనే తెలియని వలయములను చూచు బాధ్యత ఆ విధముగా, ప్రయాణమునకు అయిదు నెలల ముందు, దానిపై పడినది.

అయిననేమి, వాయేజర్ చూచుచు చూచుచునే దాటిపోయెను. ఆగుటకు దానికి శక్తి లేదు. ఇచ్చటనే క్రొత్త నౌకయొక్క ప్రధాన సమస్య యున్నది. గోదావరి వఱదలో దిగువకు వచ్చు నావ ఎంత వడిగా వచ్చునో, రేవు పట్టించుట అంత కష్టము. నౌక ఎంత త్వరగా పోయిన, గమ్యమున వేగమును చంపుటకు అంత అధికముగా ఇంధనము మండింపవలెను. ఆ ఇంధనమును భూమినుండి మోసికొనిపోవలెను. మోసిన కొలది శాస్త్ర పరికరములకు చోటు తఱుగును. వాయేజర్ ఎనిమిదిన్నర ఏండ్లలో పోయిన దూరమునకు, అంతకంటె బలిష్ఠమైన రాకెట్టుపై బయలుదేరు ఈ నౌకకు దాదాపు పదమూడేండ్లు పట్టునన్నచో ఆశ్చర్యపడ నక్కఱలేదు. నిలువదలచిన వానికి నెమ్మదితనము తప్పదు. యువ శాస్త్రజ్ఞుడు తన పరికరమును పంపి, దాని మొదటి ఫలితమును చేతికందుకొనునప్పటికి నడివయసు దాటును.

విద్యుత్తు సంగతి సరేసరి. యురేనస్ దగ్గఱ సూర్యకాంతి మనకందుదానిలో సుమారు 370వ వంతు. సౌరఫలకములు అక్కఱకు రావు. ప్లుటోనియం-238 తనంతట తాను క్షయించుచు వెలువరించు వేడిమిని విద్యుత్తుగా మార్చుకొనుటయే గతి.

శోధకముయొక్క పని వేఱు. 1995 డిసెంబరు 7న గెలీలియో నౌకనుండి వెలువడిన శోధకము గురుగ్రహపు వాయువులోనికి దూకి, దాదాపు గంటసేపు వార్తలు పంపి నశించినది. యురేనస్ శోధకమునకును అట్టి స్వల్పాయువే. ఆ కొద్దికాలమున అది లెక్కింపవలసిన వానిలో డ్యుటీరియం, అనగా భార హైడ్రోజన్, ఒకటి. దీనిని గూర్చి ఖమ్మము సీమవారికి వింతగా చెప్ప నక్కఱలేదు. ఖానాపురం హవేలి దాటి, కొత్తగూడెము మీదుగా, అడవుల నడుమనుండి అశ్వాపురము చేరినవారికి గోదావరి యొడ్డున గౌతమీనగర్ భారజల కర్మాగారపు ఎత్తైన స్తంభములు కానవచ్చును. 1991 నుండి అచ్చట నదీజలమును హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో చల్లని స్తంభమునందును, వేడి స్తంభమునందును మాటిమాటికి ఒరయించి, ఆ జలమునందలి డ్యుటీరియమును కూడబెట్టుచున్నారు. చల్లదనమున అది నీటిని, వేడిమియందు వాయువును ఆశ్రయించు స్వభావము కలది. ఇంత శ్రమ యెందుకనగా, భూమిపైని సముద్రజలమున సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి మాత్రమే డ్యుటీరియము.

యురేనస్ వాయువున ఆ నిష్పత్తి 22,000కు పైగా ఉన్న సామాన్య పరమాణువులకు ఒక్కటి యని హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని కొలతలవలన 2013లో తెలిసినది. 1781లో ఆ గ్రహమును కనుగొన్న విలియం హెర్షెల్ పేరే ఆ దూరదర్శినికి పెట్టిరి. తోకచుక్కలవంటి హిమముతో గ్రహగర్భము నిండి, పైవాయువుతో బాగుగా కలసియుండినచో డ్యుటీరియము ఇంతకంటె హెచ్చుగా ఉండవలెను. ఆ గర్భమున హిమముకంటె శిలయే అధికమా? లేక లోపలిది పైకి కలియనే లేదా? దూరమునుండి కొలిచిన అంకె ఈ సంశయమును తీర్చదు. జడవాయువులతోపాటు దీనిని కూడ ఆ గాలిలోనే తూచి చూడవలెను. నా దృష్టిలో ఈ యాత్రకు అన్నిటికంటె గట్టి హేతువు ఇదియే, చిత్రములు కావు.

ప్రణాళికలో ఉదాహరించిన ముహూర్తములు 2031, 2032. అప్పుడు బయలుదేరినచో బృహస్పతి ఆకర్షణ నౌకను ముందుకు విసరును. కాని ప్లుటోనియము తగినంత సిద్ధము కాకపోవుటచేత ప్రయాణము ఆ దశాబ్దపు నడుమకో చివరకో జరుగవచ్చునని నాసా అధికారులు చెప్పుచున్నారు. బృహస్పతి తప్పుకొన్న పిదప, సూర్యునికి దగ్గఱనున్న గ్రహముల ఆకర్షణనే ఆశ్రయించి మఱింత దీర్ఘమైన త్రోవన పోవలెను. ఇది కేవలము కాలహరణము కాదు. తన కక్ష్యపై దాదాపు ఒరిగి దొరలు యురేనస్‌పై 1986లో దక్షిణ ధ్రువము సూర్యుని కెదురుగా ఉండెను. ఉపగ్రహముల ఉత్తరార్ధములు చీకటిలో ఉండుటచే వాయేజర్ వానిని చూడలేదు. నేడవి ఎండలో నున్నవి. 2049 ప్రాంతమున విషువత్తు వచ్చును. దానికి ముందు చేరిన నౌకకు ఆ ఉత్తరభాగములు కానవచ్చును, తరువాత ఆలస్యమైన కొలది అవి దీర్ఘరాత్రిలోనికి పోయి, వాయేజర్ చూచిన దక్షిణభాగమే మరల వెలుతురున నిలుచును. ప్రణాళికాకర్తలు సంవత్సరము సంవత్సరమునకును పట్టుపట్టుటకు కారణము ఇది.