సింగిల్ యాక్షన్ రివాల్వర్ గురి కుదరట్లేదా? ముందు చాంబర్లకి నంబర్లు వేయండి

ఇవాళ టాపిక్ అమెరికాలో ఉంటూ, అక్కడి చట్టం ప్రకారం తుపాకీ కొనుక్కుని రేంజ్‌లో పేపర్ టార్గెట్ల మీద షూటింగ్ చేసే మనవాళ్ల కోసం. ఇండియా నుంచి చూస్తున్నవాళ్లు దీన్ని ఒక మెషీన్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చూడండి, అంతే. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం.

సింగిల్ యాక్షన్ అంటే, పేల్చే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగాలి. కౌబాయ్ సినిమాల్లో చూస్తాం కదా, అదే. 1873 నాటి కోల్ట్ ఈ రకమే, 1955లో వచ్చిన రూగర్ బ్లాక్‌హాక్ కూడా ఈ రకమే. చాలామంది ముచ్చటపడి కొంటారు. రేంజ్‌కి వెళ్లి 25 గజాల నుంచి కాలిస్తే పేపర్ మీద చిల్లులు అన్నం ప్లేటంత వెడల్పున చెల్లాచెదురుగా పడతాయి. వెంటనే కొత్త సైట్లు కొంటారు, లేదా తుపాకీనే సగం ధరకి అమ్మేస్తారు. రెండూ తొందరపాటే.

ముందు ఒక తేడా చూడండి. చిల్లులన్నీ ఒక్కచోటే గుంపుగా పడి, ఆ గుంపు టార్గెట్ మధ్యలో కాకుండా పక్కన ఉందా? అయితే తుపాకీ బాగానే ఉంది, సర్దాల్సింది సైట్లని. పాత కోల్ట్ తరహాలో సైట్లు కదలనివైతే ముందు సైట్‌ని అరగదీస్తే దెబ్బ పైకి జరుగుతుంది. కానీ అరగదీసిన ఇనుము తిరిగి రాదు కదండీ, అందుకే ఆ పని అన్నిటికన్నా చివర్లో.

చిల్లులు చెదిరిపోతుంటేనే అసలు కథ. ఆరు చాంబర్ల రివాల్వర్ అంటే, నన్నడిగితే, ఒకే బ్యారెల్‌ని పంచుకునే ఆరు తుపాకులు. అందుకే సిలిండర్ మీద మార్కర్‌తో 1 నుంచి 6 దాకా నంబర్లు వేయండి. ఇసుక సంచుల మీద చేతులు ఆన్చి, ఒక్కో చాంబర్‌తో ఐదేసి షాట్లు, ఒక్కోదానికీ విడి పేపర్. మొత్తం 30 తూటాలు. ఐదు చాంబర్లు బాగా కొట్టి నాలుగో నంబర్ మాత్రం అటూ ఇటూ వేస్తుంటే దొంగ దొరికినట్టే. ఆరూ ఒకేలా చెదరగొడితే అనుమానం బ్యారెల్ మీదకో, తూటాల మీదకో, మన చేతి మీదకో వెళ్తుంది.

చాంబర్‌లో ఏం తేడా ఉంటుంది? దాని ముందు చివర బుల్లెట్ బయటికెళ్లే సన్నటి దారి ఉంటుంది, దాన్ని థ్రోట్ అంటారు. .45 కోల్ట్‌లో వాడే సీసం బుల్లెట్ మామూలుగా 0.452 అంగుళాలు. కొన్ని రూగర్లలో థ్రోట్ 0.450 దగ్గర ఉండటం షూటర్లకి బాగా తెలిసిన సంగతే. అప్పుడు బుల్లెట్ అక్కడే నలిగి సన్నబడుతుంది. తర్వాత బ్యారెల్‌లో వదులుగా వెళ్తుంది. వేడి గ్యాస్ పక్కనుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగిస్తుంది, అది బ్యారెల్ లోపల అంటుకుంటుంది. ఇక గురి ఎక్కడ కుదురుతుంది?

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. లోడింగ్ గేట్ తెరిచి, సిలిండర్ తిప్పుతూ ఆరు చాంబర్లూ ఖాళీ అని కళ్లతో చూసి, తర్వాతే సిలిండర్ బయటికి తీయండి. తూటా కాదు, విడి సీసం బుల్లెట్ ఒకటి తీసుకుని ముందు వైపు నుంచి థ్రోట్‌లో పెట్టి వేలితో నొక్కండి. కాస్త గట్టిగా నొక్కితే వెళ్లాలి. అసలు దూరకపోతే థ్రోట్ ఇరుకు, జారి పడిపోతే వెడల్పు. ఇరుకైతే గన్‌స్మిత్ దగ్గర 0.4525కి రీమ్ చేయిస్తే సరిపోతుంది. వెడల్పైతే లావు బుల్లెట్ వాడి చూడాలి, లేదంటే సిలిండరే మార్చాలి. రీమర్ కొనేసి సొంతంగా మొదలుపెట్టకండి ప్లీజ్, ఒకసారి ఎక్కువ కోస్తే సిలిండర్ పోయినట్టే.

ఆరు చాంబర్లూ సరిగ్గానే ఉంటే, బ్యారెల్‌ని ఫ్రేమ్‌లోకి మర బిగించిన చోట చూడాలి. అక్కడ బిగింపు ఎక్కువై లోపలి దారి కొంచెం నొక్కుకుపోయి ఉండొచ్చు. ఇది కూడా గన్‌స్మిత్ చూడాల్సిందే. స్క్రూలు మాత్రం మనమే చూసుకోవచ్చు. పేల్చే అదురుకి గ్రిప్ ఫ్రేమ్ స్క్రూలు, ఎజెక్టర్ గొట్టం స్క్రూ వదులవుతాయి, సిలిండర్‌ని పట్టుకునే బేస్ పిన్ కూడా ముందుకి జరుగుతుంది.

ఇక చెయ్యి. ఈ రివాల్వర్ హ్యామర్ బరువు, అది పడే దూరం కూడా ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కగానే రిలాక్స్ అయితే బుల్లెట్ బయటికి రాకముందే తుపాకీ కదిలిపోతుంది. పట్టు కూడా ప్రతి షాట్‌కీ ఒకేలా ఉండాలి, ఎందుకంటే ఈ గుండ్రటి పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది. మీకంటే బాగా కాల్చేవాళ్లతో అదే తుపాకీ, అవే తూటాలు పేల్పించి చూడండి. వాళ్ల గ్రూప్ చిన్నగా వస్తే గన్‌స్మిత్ ఖర్చు మిగిలినట్టే.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. పేల్చినప్పుడు పక్కన నిలబడినవాళ్లకి సీసం తునకలు తగులుతున్నాయంటే, సిలిండర్ చాంబర్ బ్యారెల్‌కి ఎదురుగా సరిగ్గా నిలబడట్లేదేమో అని అనుమానించాలి. ఆ రోజుకి తుపాకీ ఖాళీ చేసి పెట్టెలో పెట్టేయండి, గన్‌స్మిత్ చూసేదాకా మళ్లీ బయటికి తీయొద్దు.