విమానం పడిపోతుంటే ముక్కు దించాలి

ఢిల్లీలో యమునకు తూర్పునున్న మయూర్ విహార్‌లో, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తెరమీద పాలం నుంచి విమానం లేపారనుకోండి. కాస్త ఎత్తుకు వెళ్ళాక వేగం తగ్గి, విమానం కిందికి జారుతుంది. కంగారులో జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాగి ముక్కు పైకెత్తుతాం. అది ఇంకా వేగంగా పడుతుంది! ఎందుకని?

రెక్క గాలిని కొంచెం ఏటవాలుగా ఎదుర్కొంటే పైకి లేపే బలం పుడుతుంది. ఆ కోణం సుమారు 15 డిగ్రీలు మించితే, రెక్క పైభాగాన గాలి అంటిపెట్టుకుని పారక సుడులు తిరుగుతుంది. లేపే బలం తగ్గిపోతుంది. దీన్నే ‘స్టాల్’ అంటారు. అప్పుడు ముక్కు దించి వేగం పెంచుకోవాలి.

ఐ.బి.ఎం. పి.సి.కి 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. ఇలాంటి ఆటల్లో లేపే బలం, బరువు, ఇంజను తోపు, గాలి నిరోధం ఈ నాలుగింటినీ కంప్యూటరు సెకనుకు ఎన్నోసార్లు లెక్కకట్టి దృశ్యాన్ని మారుస్తుంది.

2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం స్టాల్‌లో ఉండగా ముక్కు పైకెత్తే ఉంచారు. 228 మంది మరణించారు. కుర్చీలో కూర్చున్న మనకు ఆ కుదుపు, ఆ భయం తెలియవు. కానీ ఎన్నిసార్లు కూలినా మళ్ళీ మొదలుపెట్టి, తప్పెక్కడో తెలుసుకోవచ్చు.