కారు బేరంలో పరపతి భద్రం!

గుంటూరు యార్డుకు మిర్చి రాక ముమ్మరమయ్యే రోజుల్లోనే పట్టణంలోని వాహనాల షోరూములకూ కళ వస్తుంది. పల్నాటి పల్లెల నుంచి బస్తాలు వేసుకొచ్చిన రైతు, కాటా అయి డబ్బు చేతికందాక, తిరుగు ప్రయాణంలో ఒకసారి షోరూములోకి తొంగిచూడటం సహజం. ఉగాది కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. కొత్త బండి గుమ్మంలోకి వస్తే ఇంటిల్లిపాదికీ సంబరమే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతానికి, ట్రాక్టర్లపై 5 శాతానికి తగ్గింది. కొనాలనుకునే వారిని తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే షోరూము బల్లమీద పెట్టే సంతకానికీ, జూన్‌లో పంటరుణం కోసం బ్యాంకు మెట్లెక్కడానికీ సంబంధం వున్నదన్న సంగతి చాలామంది రైతులకు తెలియదు. తెలిసేసరికి తొలకరి పడుతుంది.

జరిగే తంతు ఇది. లోపలికి అడుగు పెట్టగానే కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు ఇస్తారు. ధర సంగతి ఇంకా తేలనే తేలదు, "ఆధార్, పాన్ కార్డు ఇవ్వండి బాబాయ్, లోను వస్తుందో రాదో చూసిపెడతాం" అంటారు. ఇస్తాం. ఫోనుకు ఓ.టి.పి. వస్తుంది. అదీ చెప్పేస్తాం. ఆ అంకెలు చెప్పడమంటే "నా అప్పుల చిట్టా తీసి చూసుకోండి" అని ఒప్పుకోవడమే. ఆ కాగితాలు ఒక్కచోటికే వెళతాయన్న నమ్మకం లేదు. పెద్ద షోరూముల్లో రెండు మూడు ఫైనాన్స్ కంపెనీల మనుషులు, బ్యాంకుల ఏజెంట్లు కూడా కూర్చుని వుంటారు. ఒకరు కాదంటే మరొకరికి, ఒక్కోసారి అందరికీ ఒకేసారి మన దరఖాస్తు పోతుంది.

మన అప్పుల లెక్క రాసిపెట్టే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో ఇవి నడుస్తున్నాయి. సిబిల్ అన్నిటికంటె ముందు వచ్చింది కనుక జనం నోట అన్నిటికీ అదే పేరు. మన చెల్లింపుల తీరును బట్టి 300 నుంచి 900 మధ్య మార్కులు వేస్తారు. 750 దాటితే అప్పిచ్చే వాళ్ళు సాధారణంగా మంచి పరపతిగా చూస్తారు.

అప్పు అడిగినప్పుడు ఏ సంస్థ మన చిట్టా తెరిచినా అందులో ఒక గుర్తు పడుతుంది. ఫలానా తేదీన, ఫలానా కంపెనీ, ఇంత అప్పు కోసం విచారించిందని. ఒకటీ అరా పడితే ఏమీ కాదు. పది రోజుల్లో అరడజను పడితే ఈయన అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడన్నట్టు కనబడుతుంది, మార్కులు తగ్గుతాయి. చివరికి బండి కొనకుండా ఇంటికి తిరిగి వచ్చినా గుర్తులు మాత్రం చిట్టాలోనే వుంటాయి. అమెరికాలో వున్న మన పిల్లలు "ఎన్నిచోట్ల అడిగినా ఫరవాలేదు నాన్నా" అనవచ్చు. అక్కడ కారు అప్పు కోసం కొద్దిరోజుల్లోపు పలుచోట్ల విచారించినా ఒక్కటిగానే లెక్కకట్టే పద్ధతి వుంది. ఆ భరోసా ఇక్కడ పెట్టుకోరాదు.

పల్లెలో ఒక ఇంటి అవసరాలన్నీ తరచు ఒకే పేరుమీద నడుస్తాయి. పంటరుణం ఆయన పేరునే, బంగారం తాకట్టు ఆయన పేరునే, కొడుకు ఇంజనీరింగు చదువుకు విద్యారుణం తీస్తే జంట సంతకం కూడా ఆయనదే. అందుకే షోరూములో పోయిన మార్కులు ఎక్కడో ఒకచోట అడ్డుపడతాయి.

ముందు బ్యాంకు, తర్వాత షోరూము

బయలుదేరే ముందు మన చిట్టా మనం చూసుకోవడం మంచిది. పై నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇది 2017 నుంచి అమలులో వున్నది. చదువుకున్న పిల్లలుంటే ఫోనులోనే తీసిపెడతారు. డబ్బు కట్టే పథకాలు కూడా అక్కడ చూపిస్తారు, అవి అక్కరలేదు. మన రిపోర్టు మనం చూసుకుంటే మార్కులు తగ్గవు.

ఎప్పుడో తీరిపోయిన ట్రాక్టరు అప్పు ఇంకా బాకీగా చూపించడం, ఒకరి అప్పు అదే పేరుగల మరొకరి ఖాతాలో పడటం వంటి పొరపాట్లు బయటపడేది అప్పుడే. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున నష్టపరిహారం చెల్లించాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం వచ్చింది. అడిగేవాళ్ళే తక్కువ. ఇంతవరకు ఏ అప్పూ చేయనివారికి అసలు మార్కులే వుండవు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారిని తిప్పిపంపరాదని 2025లో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుకు తెలిపింది.

తర్వాత మన ఖాతా వున్న బ్యాంకులో మేనేజరును కలిసి ఎంత ఇస్తారు, వడ్డీ ఎంత, నెలకు కిస్తీ ఎంత అన్నది తేల్చుకోవాలి. వీలైతే మంజూరు కాగితం చేతబట్టుకుని షోరూముకు వెళ్ళాలి. అక్కడ మాట్లాడవలసింది బండి ధర ఒక్కటే. పాత బండి మార్పిడి వేరే బేరం, అప్పు వేరే బేరం. మూడూ ఒకే మూటలో కడితే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ గుంజారో ఎంత లెక్కలు తెలిసినవాడికైనా అంతుపట్టదు. "నెలకు ఎంత కట్టగలరు?" అని అడిగితే జవాబు చెప్పకండి. కిస్తీ తగ్గించి ఏళ్ళు పెంచడం వాళ్ళకు చిటికెలో పని. ధర కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఓ.టి.పి. చెప్పనక్కరలేదు. షోరూము వారి అప్పే చవక అనిపిస్తే తీసుకోవచ్చు, ఒక్క కంపెనీకే కాగితాలు పంపాలని ముందే ఖండితంగా చెప్పాలి. ఎవరైనా మన చిట్టా తెరిస్తే ఫోనుకు మెసేజి రావాలి. తెలియని పేరుతో వస్తే ఆ రోజే నిలదీయవచ్చు.

అరవై పైసల వడ్డీ మాయ

మన పల్లెల్లో వడ్డీ లెక్క నూటికి నెలకు ఎంత అన్నదే. ఇది తెలిసిన ఏజెంట్లు "అరవై పైసలే వడ్డీ" అంటారు. బ్యాంకు 10 శాతం అంటే నూటికి నెలకు 83 పైసలు. ఏది చవక? అరవై పైసలని ఎవరైనా అంటారు. కాగితం మీద వేసి చూద్దాం.

5 లక్షల అప్పు, 5 ఏళ్ళు. అరవై పైసల ఫ్లాట్ వడ్డీ అయితే ఏడాదికి 36 వేలు, ఐదేళ్ళకు లక్షా 80 వేలు. నెలకు కిస్తీ రు. 11,333. అదే బ్యాంకు 10 శాతం, తగ్గే బాకీమీద లెక్కకడితే కిస్తీ రు. 10,624, ఐదేళ్ళ వడ్డీ సుమారు లక్షా 37 వేలు. ఎనభై మూడు పైసలే చవక! తేడా 42 వేల రూపాయల పైచిలుకు. కిటుకు ఎక్కడున్నదంటే, రెండున్నరేళ్ళు కట్టేసరికి అసలు సగం తీరిపోయినా ఫ్లాట్ పద్ధతిలో వడ్డీ మాత్రం మొదటి 5 లక్షలకే పడుతూ వుంటుంది. ఆ అరవై పైసలు నిజానికి రూపాయి ఏడు పైసలతో సమానం. ఊళ్ళో రూపాయి వడ్డీ ఎక్కువని గొణిగే మనిషి దీనికి నవ్వుతూ సంతకం చేసి వస్తాడు.

2024 అక్టోబరు నుంచి అప్పిచ్చే ప్రతి సంస్థా సంతకానికి ముందు ముఖ్యమైన వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. ఖర్చులన్నీ కలుపుకుని ఏడాది వడ్డీ శాతం ఎంత పడుతుందో అందులో వుంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది నిబంధన, కనుక తెలుగులో ఇమ్మని అడగవచ్చు. రెండుచోట్ల ఇచ్చిన పత్రాలు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క అంకె చూస్తే చాలు.

ఇక ధరలో దూరే చిల్లర సంగతి. "హ్యాండ్లింగ్ చార్జీలు" అన్న రుసుము మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు, తీసేయమని అడగండి. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరే గాని షోరూములోనే చేయించాలన్న నియమం లేదు. 10 లక్షలు దాటిన కారు మీద ఒక శాతం పన్ను ముందే పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. బుకింగు సొమ్ముకు రసీదు, బండి వద్దనుకుంటే తిరిగి ఇస్తామన్న మాట రాతలో వుండాలి. పేచీ వస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు కేసుకు ఫీజు లేదు.

హామీ సంతకం

బావమరిది ట్రాక్టరుకో, అల్లుడి కారుకో హామీ సంతకం చేయని వాడు పల్లెల్లో అరుదు. కాదంటే చుట్టరికం చెడుతుంది. అయితే ఆ సంతకం మొహమాటంతో ముగిసిపోదు. ఆ అప్పు మన చిట్టాలో కూడా ఎక్కుతుంది. అల్లుడు మూడు కిస్తీలు ఎగ్గొడితే మామగారి పరపతి కూడా దెబ్బతింటుంది. కొంత కట్టి తెగతెంపులు చేసుకున్నా "సెటిల్డ్" అన్న మాట చిట్టాలో పడుతుంది, తర్వాత అప్పిచ్చేవారు దాన్ని మంచిగా చూడరు. సంతకం చేయక తప్పకపోతే కిస్తీ తేదీ, అప్పు ఖాతా నంబరు మన దగ్గర కూడా వుండాలి. ఖాళీ ఫారాల మీద, ముఖ్యంగా బండి పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకం అడిగితే మాత్రం ఎంతటి చుట్టమైనా కాదనాలి.

కిస్తీలన్నీ తీరాక పని అయిపోయిందనుకుంటారు. ఆర్.సి.లో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే వుంటుంది. కంపెనీ నుంచి బాకీ లేదన్న పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు కొట్టివేయించాలి. లేకపోతే బండి అమ్మబోయిననాడు కొనేవాడు వెనకాడతాడు. అప్పుల వివరాలు నెలకు కనీసం రెండుసార్లు పంపాలని 2025 జనవరి నుంచి నిబంధన వున్నది కనుక, నెల తిరిగేసరికి రిపోర్టు తీసి ఆ ఖాతా "క్లోజ్డ్" అని పడిందో లేదో చూసుకోవచ్చు. పడకపోతే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. దీనికి ఫీజు లేదు. వివరాలు 14448 నంబరులో చెబుతారు.