కలివి పొదను కాపాడుకొందము

రాయలసీమ కొండవాలులందును, గ్రామముల బంజరు భూములందును పెరుగు కలివి పొద పంచాయతీ సభ్యులకు క్రొత్తది కాదు. ముళ్లు దట్టముగా నుండు ఈ పొద వర్షాభావమును తట్టుకొని పచ్చగా నిలుచును. ఆకు త్రుంచినచో పాలు కారును. వేసవిలో మల్లెవంటి తెల్లని పూలు పూచి పరిమళించును. పిమ్మట కాచిన కాయలు ఎఱ్ఱబడి, తుదకు నల్లగా పండును. ఆ పండ్లను పశువుల కాపరులు, పిల్లలు కోసికొని తిందురు. పుల్లని పచ్చికాయలను ఉప్పునీట కడిగి, జిగురు పోగొట్టి, పప్పులో వేయుదురు, ఊరగాయయు పెట్టుదురు. తోటలలో పెంచు వాక్కాయ దీనికి దగ్గరి జాతియే.

ఇంత ఉపయోగమున్నను, బంజరును చదును చేయునపుడు పనికిరాని ముళ్లకంపయని మొదట నరకునది ఈ పొదనే. వాలునేలలో దీని వేళ్లు మట్టిని పట్టి యుంచును. దీని ముళ్ల చాటున ఇతర మొలకలు మేకల నోటబడక ఎదుగును.

కడప జిల్లా లంకమల కొండల చెంత ముళ్లపొదల నడుమ సంచరించు అరుదైన పక్షికి కలివికోడి యను పేరు ఈ పొదను బట్టియే వచ్చినది. 1900 తరువాత కానరాక, అంతరించినదని తలచిన ఈ పక్షి 1986లో మరల కనబడినది. దాని ఆవాసమును తప్పించుటకై తెలుగుగంగ కాలువ మార్గమునే మార్చవలసివచ్చినది. పొదలు పోయినచో పక్షికి నిలువనీడ లేదు.

కనుక పంచాయతీలు ఈ క్రింది విషయములను గమనింపవలెనని కోరుచున్నాము:

1. బంజరు భూమిలో పని ప్రారంభించుటకు ముందు పొదలను పరిశీలించి, వాలులందును, వాగుల గట్లపైనను ఉన్నవానిని విడిచిపెట్టవలెను.

2. కంచెకు కొమ్మలు అవసరమైనచో పైకొమ్మలనే కోయవలెను. మొదలు మిగిలినచో మరల చిగుర్చును; వేళ్లతో పెకలించినచో పొద పోవును.

3. కాయలు కోయునపుడు కొమ్మలు విరువక, కొన్ని పండ్లను పక్షులకు విడువవలెను. విత్తనములను వెదజల్లునవి అవియే.

4. అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి లేనిదే దేనిని సేకరింపరాదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము స్థానిక సంస్థల పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలకు అవకాశము కల్పించినది. ఆ కమిటీ తయారుచేయు రిజిస్టరులో కలివి పొదలున్న స్థలములను, వాని ఉపయోగములను పెద్దల నడిగి వ్రాయింపవలెను. రాబోవు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టుట మేలు.