కొట్టిన కొమ్మకు గతి యేమి?

తొలకరికి ముందు మన పట్టణములలో ఏటేట జరుగు తంతు ఒకటి కలదు. నిచ్చెనలు, కత్తులు పట్టుకొని మనుషులు వచ్చి, కరెంటు తీగలకు తగులుచున్న కొమ్మలను కొట్టివేయుదురు. పని అరగంటలో ముగియును. కొమ్మలు మాత్రము వీధి ప్రక్కన పడియుండును. మేకలు తినగలిగినంత ఆకు తినును. లావుపాటి దుంగలను వంటచెరకునకై ఎవరో కొనిపోవుదురు. మిగిలిన రెమ్మలకు, అవి యెండిన పిదప, ఒక సాయంకాలము ఎవరో అగ్గిపుల్ల గీయుదురు. తరచుగా ఆ మంట పెట్టునది ఆ చెట్టు మొదటనే.

ఈ మంట చేయు కీడు వెంటనే పైకి కనబడదు. బెరడునకు లోపల, చెక్కకు వెలుపల, సన్నని సజీవమైన పొర యొకటి యుండును. చెట్టు లావగుటకును, గాయము మానుటకును ఆ పొరయే ఆధారము. నిప్పుసెగకు బెరడు కొంచెము నల్లబడి ఊరకుండును గాని, లోపలి పొర ఆ వైపున చచ్చును. కొన్ని మాసములకు బెరడు పెచ్చులుగా ఊడును. ఆ దారిని శిలీంధ్రములు చొచ్చి చెక్కను కుళ్లజేయును. ఎన్నడో ఒకనాటి గాలివానకు చెట్టు కూలినప్పుడు నింద గాలిపై పడును!

పొగవలన కలుగు బాధ అందరెరిగినదే. 2016 డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము బహిరంగ స్థలములలో చెత్త కాల్చుటను దేశమంతటను నిషేధించి, కొద్దిపాటి చెత్త కాల్చినవారు 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినవారు 25,000 రూపాయలు పరిహారముగా చెల్లింపవలెనని ఆదేశించినది. ఆ యేటనే వెలువడిన ఘనవ్యర్థముల నియమములు తోటచెత్తను వేరుగా నుంచవలసినదిగా గృహస్థులకును చెప్పినవి. అయినను కాల్చవద్దనుటతో సరిపోదు. కాల్చక యేమి చేయవలెనో తెలిసినగాని ఆ మాట సాగదు.

అడవిలో చెట్లక్రింద ఊడ్చువారు లేరు. రాలిన ఆకు, విరిగిన పుల్ల నేలపై పడి, పురుగులచేతను శిలీంధ్రములచేతను జీర్ణమై, మరల వేళ్లకే అందును. చెట్టు నేలనుండి గ్రహించిన నత్రజని, పొటాష్ మొదలగునవి ఆకులలో, లేతకొమ్మలలో, బెరడులో దట్టముగా నుండును. లావుపాటి మొద్దు చేవలో అంతగా నుండవు. మనము పనికిరావని కాల్చునవి సరిగా ఆ సారవంతమైన భాగములే. కెనడాలోని క్విబెక్ ప్రాంతమున లావాల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జీల్ లెమియూ మొదలగువారు గత శతాబ్ది చివరి దశకములలో ఈ విషయమునే పట్టుకొని, 7 సెంటీమీటర్ల లావునకు లోబడిన కొమ్మలను ముక్కలుచేసి నేలకు వేయు పద్ధతిని ప్రచారము చేసిరి. మన రైతునకు ఇది మరీ క్రొత్త మాట కాదు. కానుగరొట్ట, జిల్లేడు, వేపమండలు దమ్ముమడిలో త్రొక్కి వరి నాటినవారు మన తాతలు. పొలమున తెలిసిన విద్య వీధిలోనికి వచ్చుసరికి ఎట్లు మరపునకు వచ్చినదో!

అయితే కొమ్మకు గతి చూచుటకు ముందు కోత సంగతి చూడవలెను. తప్పుగా కోసిన చెట్టు ఏటేట ఎక్కువ చెత్తను పుట్టించును. తల నరికిన చెట్టు బెదరి, కోతచుట్టును గుత్తులు గుత్తులుగా మొలకలు వేయును. అవి పైపై చెక్కకు అంటుకొనియుండును గాని లోతుగా పాతుకొనవు. కొలది యేండ్లలో మరల తీగలకు తగులును, లేదా గాలికి విరిగిపడును. అమెరికా అటవీశాఖకు చెందిన ఎలెక్స్ షైగో వేలకొలది మొద్దులను నిలువున చీల్చి పరీక్షించి, 1977లో ప్రకటించిన విషయ మిది: చెట్టు తన గాయమును మనవలె క్రొత్త కండతో మాన్పుకొనదు; కుళ్లును లోపలనే గోడలు కట్టి నిలువరించును. కొమ్మ పుట్టుచోట ఉంగరమువలె ఉబ్బియుండు భాగము ఈ రక్షణకు స్థానము. దానిని చెక్కివేయరాదు, దానికి దూరముగా మోడు మిగుల్పనురాదు. బరువైన కొమ్మను ఒక్క వ్రేటున నరికినచో అది బెరడును చీల్చుకొని పడును. కావున కాండమునకు మూరెడు దూరమున ముందుగా క్రిందినుండి కొంత కోసి, దానికి కొంచెము ఆవల పైనుండి కోసి బరువు దింపి, చివరకు ఆ ఉబ్బునకు వెలుపల మిగిలిన మోడును తీసివేయవలెను. గాయమునకు తారు పూయుట మన పాత అలవాటు. షైగో దానివలన కుళ్లు ఆగదని చూపెను.

ఇట్లు దిగిన కలపను మూడు నాలుగు తరగతులుగా వేరుచేయుట తెలిసినవాని పని. వీధిలో కూలిన నిద్రగన్నేరు మొద్దు కోతమిల్లునకు పోవచ్చును. మేకులు, తీగముక్కలు దిగియున్నచో మిల్లువాడు సణుగును, అతని సణుగుడు న్యాయమే. నడిమిరకపు కొమ్మలు పందిరి గుంజలకును, పాదుల ఊతమునకును వచ్చును. సన్నకలపకు విలువ లేదనుకొనరాదు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయువారికి అంకుడుచెట్టు కొమ్మలే ముడిసరుకు.

చివరకు మిగులు రెమ్మలను కొమ్మలు తరుగు యంత్రములో వేసినచో చెక్కపేళ్లు వచ్చును. యంత్రము లేనిచోట కత్తితో జానెడు ముక్కలు చేసినను చాలును. ఈ పేళ్లను చెట్టు పాదులో మూడు, నాలుగు అంగుళముల మందమున పరచిన నేల చల్లగా నుండును, తేమ నిలుచును, కలుపు తగ్గును. రెండు జాగ్రత్తలు తప్పవు. మొదటిది, కాండమునకు ఆనించి కుప్పగా పోయరాదు. తడిసిన పేళ్లు బెరడును కుళ్లజేయును. రెండవది, పచ్చిపేళ్లను మట్టిలో కలిపి త్రవ్వరాదు. చెక్కలో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. దానిని జీర్ణింపజేయు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తాము వాడుకొని మొక్కను పస్తు పెట్టును. పైన పరచినప్పుడు ఈ యిబ్బంది నేల ఉపరితలమునకే పరిమితమై యుండును. మట్టిలో కలుపదలచినవారు పేడ, పచ్చిఆకు చేర్చి, తడుపుచు, తిరుగవేయుచు కొన్ని మాసములు కంపోస్టు చేయవలెను. సరిగా పేర్చిన కుప్ప లోపల 55 నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును. ఈ వేడి ఎన్నో తెగుళ్ల బీజములను చంపును.

చెక్క పరచిన చెదలు పట్టవా యని గృహిణులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. చెదలు కుళ్లిన చెక్కను వెదకికొనుచు వచ్చును. మహబూబునగరమునకు సమీపమున నున్న పిల్లలమఱ్ఱి, అనేక శతాబ్దులనాటిదని ప్రసిద్ధి కెక్కిన మహావృక్షము, చెదలవలన కృశించి 2017 చివర ఒక పెద్దకొమ్మ కూలగా, మరుసటి యేట అధికారులు పలుచన చేసిన క్లోరోపైరిఫాస్ మందును ఆసుపత్రి సెలైను సీసాలనుండి బొట్టుబొట్టుగా కొమ్మలలోనికి ఎక్కించి, వ్రాలిన కొమ్మలకు ఊతములు కట్టించిరి. కావున పేళ్లను ఇంటిగోడకు, గుమ్మపు చెక్కకు, చెట్టు కాండమునకు దూరముగా నుంచి, పలుచగా పరచి, అప్పుడప్పుడు కదపవలెను. చెదలపుట్ట లున్న చోట పచ్చిపేళ్లకు బదులు మాగిన కంపోస్టు మేలు.

తెగులు సోకిన కొమ్మను మాత్రము పాదులో వేయరాదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొనలనుండి ఎండుచు వచ్చుట చాలమంది చూచియే యుందురు. ఫోమాప్సిస్ అను శిలీంధ్రమువలన వచ్చు కొమ్మమాడు తెగులది. అట్టి రెమ్మలను కత్తిరించి ఊరికి దూరముగా నాశనము చేయవలెను. చెట్టునకు చెట్టునకు నడుమ రంపమును స్పిరిటుతో తుడువవలెను. రోగమును మన పనిముట్టును మోసికొనిపోవచ్చును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నముపై విరుచుకొనిపడినప్పుడు వీధులన్నియు కూలిన చెట్లతో నిండినవి. అట్టి దినమున దారి తెరచుటయే మొదటి పని. ఏ దుంగ ఎవరికి పనికివచ్చునో యోచించు తీరిక యుండదు. అందుకే తీరప్రాంతపు పురపాలకసంఘములు కలప పేర్చుటకు, పేళ్లు చేయుటకు ఒక ఖాళీస్థలమును ముందుగానే నిర్ణయించి యుంచుట ఉచితమని నా యభిప్రాయము. అప్పటికప్పుడు వెదకిన స్థలము చెరువుగట్టో, మురుగుకాలువయో అగును.

కూలిన చెట్టు మోడును గూర్చి ఒక్క మాట. దానిని పెకలించుటకు తొందరపడనక్కరలేదు. వేళ్లు నేలలో గట్టిగా నున్న వేప, కానుగ వంటివాని మోడులు వానలకు మరల చిగిర్చును. ఆ చిగుళ్లలో నేలకు సమీపమున పుట్టిన బలమైనదానిని ఒకటి నిలిపి, తక్కినవానిని లేతగా నున్నప్పుడే గిల్లివేయవలెను. గిల్లిన ఆకును ఆ పాదులోనే వేయవచ్చును.